ఇంట్లో మళ్లీ పుట్టించిన ఫాల్టులు: హనుమకొండ నుంచి ఒక ల్యాబ్ డైరీ

జూన్ 8, 2025

హనుమకొండలో కంప్యూటర్ల నిర్వహణ కాంట్రాక్టులు తీసుకునే ఒక చిన్న సంస్థలో డెస్క్‌టాప్ సపోర్ట్ పనికి చేరి నాకు ఏడాది నిండింది. ఊళ్లోని కొన్ని క్లినిక్‌లు, కోచింగ్ సెంటర్లు, ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల అడ్తి (కమీషన్ వ్యాపారం) దుకాణాలు, ఒకటి రెండు జిన్నింగ్ మిల్లుల ఆఫీసులు మా సంస్థ చూసుకునే చోట్లు. ఫోను రాగానే స్కూటీ మీద వెళ్లి, మెషీన్‌ను బాగుచేసి, రిజిస్టరులో సంతకం పెట్టించుకుని రావడం నా ఉద్యోగం. ఈ ఏడాదిలో చాలా మెషీన్లు నా చేతి మీదుగా బాగయ్యాయి. వాటిలో ఎన్నింటికి అసలు ఏమైందో చెప్పగలను అన్న ప్రశ్న మాత్రం నిన్ననే ఎదురైంది.

నిన్న ఒక క్లినిక్ వారు ప్రింటరు పనిచేయడం లేదని పిలిచారు. రౌటరు, ప్రింటరు, రిసెప్షన్ కంప్యూటరు మూడింటినీ ఆపి మళ్లీ వేశాను, ప్రింటు వచ్చింది. ఇదే ఫిర్యాదు మీద అక్కడికి వెళ్లడం అది ఆరోసారి. ఆఫీసుకు తిరిగి వచ్చాక మా సీనియర్ అన్న రిజిస్టరు తిరగేసి, "చెల్లె, ఆరుసార్లు నడిపిచ్చి వచ్చినవ్, మంచిదే. ఎందుకు ఆగుతున్నదో ఒక్కసారన్న రాసినవా?" అని అడిగారు. ఆరు చోట్లా నేను రాసినది ఒకే మాట: "రీస్టార్ట్ చేశాను." ఆయన కోప్పడలేదు, ఆ మాట అని తన పనిలో పడ్డారు. నాకు మాత్రం రాత్రి దాకా అదే గుర్తుకొస్తూ ఉంది.

అందుకే ఈ డైరీ మొదలుపెడుతున్నాను. బయట నాకు ఎదురైన ఫాల్టును ఇంట్లో ఒక చిన్న ల్యాబ్‌లో కావాలని మళ్లీ పుట్టించాలి, తర్వాత పోగొట్టాలి. రెండుసార్లు తెప్పించి రెండుసార్లు పోగొట్టగలిగే వరకు నోటుబుక్కులో "అర్థమైంది" అని రాయకూడదన్నది నేను పెట్టుకున్న నియమం.

జూన్ 15

సెకండ్ హ్యాండ్‌లో ఒక డెస్క్‌టాప్ కొన్నాను. ఇంటెల్ నాలుగో తరం ఐ5 ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్ ఉన్నాయి. ర్యామ్‌ను 16 జీబీకి పెంచి, పాత హార్డ్ డిస్కు తీసేసి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ బిగించాను. ఆఫీసులో పక్కన పడేసిన ఒక పాత రౌటరును, ఎనిమిది పోర్టుల స్విచ్చిని అడిగి తెచ్చుకున్నాను. ఒకే కంప్యూటరు లోపల మరికొన్ని కంప్యూటర్లను (వర్చువల్ మెషీన్లను) నడిపించే వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. విండోస్ సర్వర్ 2022ను 180 రోజుల పాటు పరీక్షించి చూసుకోవడానికి మైక్రోసాఫ్ట్ డబ్బు తీసుకోకుండానే ఇస్తుంది. కాబట్టి సర్వరు ఒకటి, విండోస్ 10 మెషీన్లు రెండు, మొత్తం మూడు వర్చువల్ మెషీన్లు ఒకే డబ్బాలో పెట్టుకోవచ్చన్నది నా లెక్క.

మొదటి మెషీన్‌ను స్టార్ట్ చేయగానే ఎర్రరు వచ్చింది. దాన్ని పూర్తిగా చదవకుండా గంటసేపు ఇంటర్నెట్‌లో వెతికాను. తీరా చూస్తే బయాస్‌లో (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) వర్చువలైజేషన్ ఆపి ఉందన్న మాట ఆ సందేశంలోనే రాసి ఉంది. బయాస్‌లోకి వెళ్లి దాన్ని ఎనేబుల్ చేస్తే రెండు నిమిషాల్లో పని అయింది. నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను: ఎర్రరు సందేశాన్ని చివరి అక్షరం దాకా చదివి, ఫోటో తీసుకుని, ఆ తర్వాతే చేయి పెట్టాలి.

జూలై 6

సుబేదారిలోని ఒక కోచింగ్ సెంటరులో కొన్ని కంప్యూటర్లకు ఇంటర్నెట్ వస్తోంది, కొన్నింటికి రావడం లేదు. రాని వాటిలో ఒకదానిని రీస్టార్ట్ చేస్తే వచ్చింది, అప్పటిదాకా బాగున్న పక్కదానికి పోయింది. ఇలాంటి చోట రీస్టార్ట్ చేసుకుంటూ పోతే సాయంత్రం దాకా బల్లల చుట్టూ తిరగడమే అవుతుంది.

ఈసారి కమాండ్ విండోలో, మెషీన్ నెట్‌వర్కు చిరునామా వివరాలు చూపే "ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్" కొట్టి, వచ్చినదంతా ఒక్కో వరుస చదివాను. బాగున్న మెషీన్‌కు 192.168.1తో మొదలయ్యే చిరునామా ఉంది, రాని మెషీన్‌కు 192.168.0తో మొదలయ్యేది ఉంది. కింద "డీహెచ్‌సీపీ సర్వర్" అన్న వరుసలో రెండు మెషీన్లలో రెండు వేర్వేరు చిరునామాలు కనిపించాయి. అంటే ఆ నెట్‌వర్కులో చిరునామాలు పంచేవారు ఇద్దరు ఉన్నారన్న మాట. వైర్ల వెంట వెతుక్కుంటూ వెళ్తే స్టాఫ్ రూములో ఒక చిన్న వైఫై రౌటరు దొరికింది. ఫోన్లకు సిగ్నల్ అందడం లేదని ఎవరో ఇంటి నుంచి తెచ్చి, గోడ నుంచి వచ్చే కేబులును దాని లాన్ పోర్టులో (లోపలి కంప్యూటర్లను కలిపే చోట) పెట్టారు. ఆ కేబులు తీయగానే గొడవ సద్దుమణిగింది.

జూలై 13

రెండు రాత్రులు దీని మీదే కూర్చున్నాను. మా ఇంటి రౌటరును, పాత రౌటరును ఒకే స్విచ్చికి కలిపి, వర్చువల్ మెషీన్లను బ్రిడ్జ్ పద్ధతిలో అదే నెట్‌వర్కు మీదికి తెచ్చాను. నెట్‌వర్కులో నడిచే సందేశాలను చూపే వైర్‌షార్క్ తెరిచి, చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ ప్యాకెట్లు మాత్రమే కనిపించేలా ఫిల్టరు పెట్టి, ఉన్న చిరునామాను వదిలి మళ్లీ అడిగే "రిలీజ్", "రెన్యూ" కమాండ్లు ఇచ్చాను.

ఒక్క రౌటరు ఉన్నప్పుడు తెర మీద నాలుగు వరుసలు వచ్చాయి. మొదటిది డిస్కవర్: నాకు చిరునామా లేదు, ఇచ్చేవారు ఎవరైనా ఉన్నారా అని మెషీన్ నెట్‌వర్కులో అందరికీ వినిపించేలా అడగడం. రెండోది ఆఫర్: ఇదిగో ఇది తీసుకో అని సర్వరు చూపడం. మూడోది రిక్వెస్ట్: సరే, అదే ఇవ్వు అనడం. నాలుగోది అక్నాలెడ్జ్: ఇచ్చాను అని ఖాయం చేయడం. డిగ్రీ పరీక్షలో ఈ నాలుగు పేర్లూ రాసి మార్కులు తెచ్చుకున్నాను. అవి ఒకదాని వెనుక ఒకటి నడవడం కంటితో చూడడం మాత్రం ఇదే మొదటిసారి.

తర్వాత రెండో రౌటరును కూడా వేశాను. ఒక డిస్కవర్ వెనుక రెండు ఆఫర్లు వచ్చాయి. సుబేదారిలో నన్ను బల్లల మధ్య తిప్పిన ఫాల్టు నా గదిలో, నా తెర మీద, రెండు వరుసలుగా కనిపించింది. ఏ ఆఫర్ ముందు చేరితే మెషీన్ దానినే పట్టుకుంటోంది. పదిసార్లు చిరునామా మళ్లీ అడిగిస్తే ఏడుసార్లు పాత రౌటరు ముందుగా పలికింది. రీస్టార్ట్ చేసిన మెషీన్ బాగవడం, బాగున్నది పోవడం ఎలా జరిగిందో అప్పుడు తెలిసింది. చివరగా రెండు రౌటర్లనూ తీసేశాను. ఎవరూ పలకకపోయేసరికి విండోస్ తనంతట తానే 169.254తో మొదలయ్యే చిరునామా పెట్టుకుంది. ఈ అంకె కనిపిస్తే చిరునామా ఇచ్చేవారు దొరకలేదని అర్థం. ఇకపై ఫోను మీదే ఆ అంకె చదివించుకుంటే, బయలుదేరకముందే సగం పని అయినట్టు.

రెండుసార్లు తెప్పించాను, రెండుసార్లు పోగొట్టాను. అర్థమైంది.

ఆగస్టు 10

క్లినిక్ నుంచి ఏడోసారి ఫోను వచ్చింది. ఈసారి దేనినీ రీస్టార్ట్ చేయకూడదని దారిలోనే నిశ్చయించుకున్నాను. రిసెప్షన్‌లోని అక్కను పది నిమిషాలు ఓపిక పట్టమని అడిగితే, "పేషెంట్లు నిలబడ్డరు గని, నువ్వు మంచిగ చూడు, మల్ల మల్ల పిలిచే పని లేకుంట చెయ్యి" అని, ఆ కాసేపు చీటీలు చేత్తో రాసి ఇచ్చారు.

ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్టు చూస్తే 192.168.1.3 అని ఉంది. ప్రింటరు మీది బటన్‌ను నొక్కి పట్టుకుని దాని సొంత సెట్టింగుల కాగితం తీస్తే అందులో 192.168.1.2 అని వచ్చింది. కంప్యూటరు ఒక తలుపు తడుతోంది, ప్రింటరు పక్కింట్లో ఉంది. వెనుకటి సార్లు నేను 192.168.1.3కు పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న సందేశం) ఇచ్చి, జవాబు రావడంతో నెట్‌వర్కు బాగానే ఉందని అనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆ జవాబు ఇస్తున్నది డాక్టరు గదిలోని కంప్యూటరు. పింగ్‌కు జవాబు వస్తే ఆ చిరునామాలో ఎవరో ఉన్నారని మాత్రమే తెలుస్తుంది, ఎవరున్నారో తెలియదు. ఆరుసార్లు నేను తప్పుదారి పట్టినది సరిగ్గా ఇక్కడే.

చిరునామా ఎందుకు మారుతోందన్నది తర్వాతి ప్రశ్న. అక్కడి రౌటరుకు కరెంటు పోతే తాను ఎవరికి ఏది ఇచ్చిందో గుర్తుండదు, మళ్లీ వచ్చాక ముందు అడిగినవారికి ముందు అంకె ఇస్తుంది. మెయిన్ వేసిన రోజు ఏది ముందు లేస్తే దానికి 2, తర్వాతి దానికి 3 దక్కుతున్నాయి. నేను మూడింటినీ ఆపి వేసిన ప్రతిసారీ, వేసే వరుసను బట్టి ప్రింటరుకు పాత అంకె తిరిగి వచ్చేది. అది బాగుచేయడం కాదు, అదృష్టం. ప్రింటరు మ్యాక్ అడ్రసును (తయారీలోనే వచ్చే దాని సొంత గుర్తింపు సంఖ్యను) రౌటరులో నమోదు చేసి 192.168.1.50ను దానికే కేటాయించి, కంప్యూటరులోని పోర్టును కూడా అదే అంకెకు మార్చాను. ఆఫీసులోని ఒక నెట్‌వర్కు ప్రింటరును అన్న అనుమతితో రెండు రాత్రులు ఇంటికి తెచ్చి, ఇదే తగాదాను పుట్టించి, పోగొట్టి చూశాను.

రిజిస్టరులో ఏడో వరుసలో కారణం కూడా రాశాను. అన్న చదివి, కింద తన సంతకం కూడా పెట్టారు. ఆ సంతకం ఆ కాలమ్‌లో అవసరం లేదు. అయినా పెట్టారు, నాకు చాలా సంతోషం కలిగింది.

ఆగస్టు 31

ఎనుమాముల దగ్గరి ఒక అడ్తి దుకాణంలో పెద్దవయసు గుమాస్తా ఒకాయన లెక్కలు చూస్తారు. "బిడ్డా, సెలవులు అయిపోయి వచ్చిన దినమే జీఎస్టీ సైటు తెరుసుకోదు. తారీఖు ఎన్కకు పోతది. దిద్దుకుంటె మల్ల మంచిగుంటది. తక్‌పట్టీ మీద గూడ తప్పు తారీఖే వస్తది" అన్నారు. తక్‌పట్టీ అంటే సరుకు అమ్మకానికి ఇచ్చే లెక్క చీటీ. ఎప్పుడెప్పుడు అవుతోందో ఆయనే గమనించి చెప్పడంతో నాకు వెతుకులాట తగ్గింది.

మామూలు రాత్రుల్లో ఆయన కంప్యూటరును షట్‌డౌన్ మాత్రమే చేస్తారు, ప్లగ్గుకు కరెంటు అలాగే ఉంటుంది. సెలవులకు వెళ్లేటప్పుడు మాత్రం దుకాణం మెయిన్ స్విచ్చి ఆపేస్తారు. కరెంటు ఉన్నంతసేపు మదర్‌బోర్డు మీది గడియారం దాని ఆధారంతో నడుస్తుంది, కరెంటు పూర్తిగా పోతే నడిపించవలసింది రూపాయి బిళ్లలాంటి ఒక బ్యాటరీ. దాని పేరు సీఆర్2032. ఆ అంకెలోనే కొలతలు ఉన్నాయి, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. సన్న స్క్రూడ్రైవరుతో క్లిప్పును పక్కకు నెట్టి బయటికి తీసి మల్టీమీటరు పెడితే, 3 వోల్టులు చూపవలసినది 2.1 దగ్గర ఆగింది. బ్యాటరీ మార్చి, తారీఖు సరిచేశాను. సమయాన్ని ఆటోమేటిక్‌గా దిద్దుకునే సెట్టింగును కూడా ఎవరో ఆపి ఉంచారు, దాన్ని ఆన్ చేశాను. సైటు తెరుచుకోకపోవడానికీ తారీఖుకూ సంబంధం ఏమిటంటే, ప్రతి సురక్షిత వెబ్‌సైటు సర్టిఫికెట్‌కు మొదలు తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. మన గడియారం పన్నెండేళ్లు వెనక్కి వెళ్తే బ్రౌజరు దృష్టిలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు.

ఇంట్లో రెండు విధాలా చూశాను. ల్యాబ్ మెషీన్ బ్యాటరీ తీసి ప్లగ్గు ఉంచితే తెల్లవారి గడియారం సరిగానే ఉంది. ప్లగ్గు కూడా తీసేస్తే తారీఖు పోయింది. దానితో పాటు బయాస్ సెట్టింగులు కూడా మొదటికి వచ్చి, జూన్‌లో చూసిన వర్చువలైజేషన్ ఎర్రరే మళ్లీ తెర మీదికి వచ్చింది. ఈసారి ఆ సందేశాన్ని పూర్తిగా చదివి, నేరుగా బయాస్‌లోకి వెళ్లాను.

సెప్టెంబరు 19

బతుకమ్మ పండుగ దగ్గర పడుతోంది, ల్యాబ్‌లో కూర్చునే తీరిక దొరకడం లేదు. అందుకని ఈ నెల చేసిన వేరే పని రాస్తాను. ఫోను మీద అడిగే ప్రశ్నలను మార్చుకున్నాను. "మీరేమైనా మార్చారా?" అని అడిగితే, ఎవరైనా "నేనేం ముట్టలేదు" అనే అంటారు. ఆ ప్రశ్నలో నింద వినిపిస్తుంది, తప్పు వారిది కాదు. ఇప్పుడు "చివరిసారి ఎప్పుడు మంచిగా పనిచేసింది?", "ఆ తర్వాత కరెంటు పోయిందా, బల్ల జరిపారా, కొత్త సామాను ఏదైనా వచ్చిందా?" అని అడుగుతున్నాను. జవాబులు వస్తున్నాయి. గుమాస్తాగారి లాంటివారు అడగకముందే సగం చెబుతారు, మనం వినాలి అంతే.

ఒక పాఠశాలలో తెలుగు ప్రశ్నపత్రం కొత్త కంప్యూటరులో ఇంగ్లీషు అక్షరాల కలగాపులగంగా కనిపిస్తోందని, ఫైలు చెడిపోయిందని కంగారు పడ్డారు. ఫైలు చెడలేదు. అది అనూ అనే పాత తెలుగు ఫాంట్లతో కొట్టినది. అన్ని భాషల అక్షరాలకు అంకెలు కేటాయించే యూనికోడ్‌లో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు 128 స్థానాలు ప్రత్యేకంగా ఉన్నాయి. పాత డీటీపీ ఫాంట్లు ఆ స్థానాలను వాడవు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ఆకారాలను కూర్చుతాయి. ఫాంటు ఉన్న మెషీన్‌లో తెలుగు, లేని మెషీన్‌లో కలగాపులగం కనిపిస్తుంది. వారి పాత మెషీన్‌లోనే దాన్ని తెరిచి పీడీఎఫ్ చేసి ఇచ్చాను. మన భాష అక్షరాల గురించి మనవారికి మన మాటల్లో చెప్పగలగడం ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం.

అక్టోబరు 14

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు నేటితో ముగిసింది. వారం నుంచి ప్రతి ఫోనులోనూ ఒకటే ప్రశ్న, రేపటి నుంచి కంప్యూటరు నడవదా అని. నడుస్తుంది, కాకపోతే భద్రతా అప్‌డేట్లు మామూలుగా రావు. వ్యక్తిగత వాడకందారులకు అదనపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు పొందే పథకం ఒకటి ఉంది. విండోస్ 11కు టీపీఎం 2.0 (భద్రతా తాళాలను దాచే చిప్పు), 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం, మైక్రోసాఫ్ట్ ఆమోదించిన జాబితాలోని ప్రాసెసరు కావాలి. ఇంటెల్‌లో ఆ జాబితా ఇంచుమించు ఎనిమిదో తరం నుంచి మొదలవుతుంది. మా కస్టమర్ల మెషీన్ల జాబితా తయారుచేసే పని అన్న నాకు అప్పగించారు. కొన్నింటిలో టీపీఎం ఉండి కూడా బయాస్‌లో ఆపి ఉంది, అలాంటివి చేయి పెడితే బతికేవే. కొత్తవి కొనిపిస్తే సంస్థకు లాభమని తెలిసినా, బతికే వాటిని బతికేవిగానే రాశాను, అన్న కూడా ఆ జాబితాను అలాగే పంపించారు. నా ల్యాబ్ డబ్బా నాలుగో తరానిది, దానికి ఆ అర్హత లేదు.

నవంబరు 9

పత్తి సీజను మొదలైంది. ఒక జిన్నింగ్ మిల్లు ఆఫీసులో మధ్యాహ్నం అయ్యేసరికి కంప్యూటరు దానంతట అదే ఆగిపోతోందన్నారు. పక్క పలక విప్పితే ప్రాసెసరు మీది హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు దిమ్మ) రెక్కల మధ్య దూది పొర పట్టి ఉంది. వేలితో పట్టుకుని లాగితే ఫ్యాను ఆకారంలో గుండ్రంగా, గుడ్డముక్కలాగా ఒక్కటే వచ్చింది. గాలి పోయే దారి మూసుకుపోతే ప్రాసెసరు వేడెక్కుతుంది, మొదట తన వేగం తగ్గించుకుంటుంది, అయినా చల్లబడకపోతే కాలిపోకుండా మెషీన్ ఆగిపోతుంది. దుమ్ము దులిపి, థర్మల్ పేస్టు కొత్తగా రాసి, మెషీన్‌ను నేల మీది నుంచి బల్ల మీదికి ఎక్కించాను. ఇంట్లో గాలి రంధ్రాలకు పలచటి గుడ్డ కట్టి, ఉష్ణోగ్రత అంకెలు పెరగడం, వేగం తగ్గడం వరకే చూసి గుడ్డ తీసేశాను. ఆగిపోయేదాకా పోనివ్వలేదు, ఉన్నది ఒక్క మెషీన్. నియమం ప్రకారం ఈ పేజీలో "అర్థమైంది" అని రాయలేదు.

నవంబరు 23

హైదరాబాదులోని ఒక సంస్థలో సర్వీస్ డెస్క్ ఉద్యోగానికి వీడియోలో ఇంటర్వ్యూ జరిగింది. ఇన్సిడెంటుకూ ప్రాబ్లమ్‌కూ తేడా ఏమిటని అడిగారు. ఐటీ సేవల నిర్వహణకు వాడే ఐటిల్ పద్ధతిలో పని ఆగిపోయిన ఒక్కో సంఘటన ఇన్సిడెంటు, దాని వెనుక ఉన్న కారణం ప్రాబ్లమ్. నిర్వచనంతో ఆపకుండా క్లినిక్ ప్రింటరు కథ చెప్పాను: ఏడు ఇన్సిడెంట్లు, ఒక్క ప్రాబ్లమ్, ఆరుసార్లు నేను మొదటిదాన్నే ముగించి వచ్చిన తీరు. అడుగుతున్న మేడమ్ నోట్సు రాసుకోవడం ఆపి విన్నారు. అయినా ఎంపిక కాలేదు. విదేశీ కస్టమర్లతో ఇంగ్లీషులో గడగడా మాట్లాడాలి, అక్కడ తడబడ్డాను. బాధ కలిగింది. మరునాటి నుంచి ప్రతి కాల్ నోట్సును ముందు ఇంగ్లీషులో రాసి, పైకి చదువుకుని, ఆ తర్వాతే రిజిస్టరులో తెలుగులో ఎక్కిస్తున్నాను. కంప్యూటర్ సపోర్ట్ పనికి సర్టిఫికెట్ ఇచ్చే కాంప్‌టియా ఏ ప్లస్ పరీక్ష ఫీజు ఇప్పుడు నా స్తోమతకు మించినది. దాని సిలబస్ మాత్రం ఉచితంగా దొరుకుతుంది, అందులో ఫాల్టు వెతికే పద్ధతిలోని చివరి మెట్టు, చేసినదంతా రాసిపెట్టడమే.

సర్వరు 180 రోజుల గడువు డిసెంబరు రెండో వారంలో ముగుస్తుంది. ఆ రోజు ల్యాబ్ మొత్తం తుడిచేసి, ఏ వీడియో చూడకుండా ఈ నోటుబుక్కు ఒక్కటే ముందు పెట్టుకుని, మొదటి నుంచి మళ్లీ కట్టాలి. ఎక్కడ ఆగితే ఆ పేజీ నేను సరిగా రాయలేదన్న మాట. ఈలోగా క్లినిక్ అక్క నిన్న ఫోను చేశారు. ప్రింటరు గురించి కాదు, స్కానరు గురించి. ఎప్పటి నుంచి, ఏం జరిగాక మొదలైందో అన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టానని చెప్పారు. రేపు పొద్దున్నే మొదటి కాల్ అక్కడికే.